ఆర్గాన్‌లోనూ మెథనాల్ వస్తోంది, ఇప్పుడు నేనేం చేయాలి?

ఈ వారం ఉత్తరం రాసిన అమ్మాయి తన పేరూ యూనివర్సిటీ పేరూ వేయొద్దని కోరారు. సొంతూరు పెద్దపల్లి జిల్లాలో. వయసు 29. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ, ఆరో ఏడు నడుస్తోంది. నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి, అందులో ఒక పొడి కలిపి, పైనుంచి దీపం వెలుగు పడేలా పెట్టి మెథనాల్ తీయడం ఆమె పని. ఆ పొడిని పుస్తకాల్లో ఉత్ప్రేరకం అంటారు, ల్యాబ్‌లో అందరూ క్యాటలిస్ట్ అనే అంటారు. ఆమెది రాగి కలిపిన టైటానియం డయాక్సైడ్. రెండేళ్ల కిందట మంచి జర్నల్లో పేపర్ వచ్చింది, మొదటి పేరు ఆమెదే. గ్రాము పొడికి గంటకు 12 మైక్రోమోల్స్ (మైక్రోమోల్ అంటే మోల్‌లో పది లక్షో వంతు) మెథనాల్ వస్తుందని అందులో రాశారు. థీసిస్‌లో మూడో అధ్యాయం కూడా అదే.

రెండు నెలల కిందట, కొత్తగా చేరిన జూనియర్ ఆ ప్రయోగం నేర్చుకుంటూ కార్బన్ డయాక్సైడ్ బదులు పొరపాటున ఆర్గాన్ లైన్ తిప్పాడు. ఆర్గాన్ దేనితోనూ కలవని వాయువు, అందులో కార్బన్ ఉండదు కాబట్టి మెథనాల్ రాకూడదు. సాయంత్రం వచ్చి "అక్కా, సిలిండర్ మారిపోయింది, కానీ పీక్ మాత్రం వచ్చింది" అన్నాడట. పీక్ అంటే జీసీ అనే కొలిచే యంత్రం గీసే గ్రాఫులో మెథనాల్ ఉందని చూపే శిఖరం. ఆమె స్వయంగా మూడుసార్లు చేసి చూశారు. ఆర్గాన్‌లో 9 వస్తోంది. గైడ్‌కి చెబితే "ఆర్గాన్‌లో ఏదో ఇంప్యూరిటీ ఉండి ఉంటుంది, రివ్యూయర్లే అడగలేదు, నువ్వు ముందు సబ్మిట్ చెయ్" అన్నారు. ఫెలోషిప్ అయిపోయి మూడు నెలలైంది, అన్నయ్య డబ్బులు పంపిస్తున్నారు. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ ప్రాసెస్ ఆర్ అండ్ డీలో ఉద్యోగం ఇస్తామంది, ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెస్తేనే. మూడెకరాల్లో వరి వేసే నాన్నగారు ఫోన్ చేసిన ప్రతిసారీ "సదువు ఎప్పుడైపోతది బిడ్డా" అంటారు. రాత్రి నిద్ర పట్టడం లేదని రాశారు. ఆమె అడిగినవి మూడు. నేను మోసం చేశానా? నోరు మూసుకుని సబ్మిట్ చేయనా? ఈ రంగమంతా ఇంతేనా, నా ఆరేళ్లు వృథా అయినట్టేనా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జత చేసిన పేపర్‌లో ప్రయోగ విధానం ఉన్న పేజీ ఇంకా ఎక్కువసార్లు చదివాను. నేనూ ముప్పై ఏళ్లకు పైగా క్యాటలిస్టులతోనే బతికినవాణ్ని కాబట్టి మీ భయం ఏ రకమో నాకు తెలుసు.

మోసం మాట ముందు. పేపర్ పంపిన రోజున ఆర్గాన్‌లో ఏం వస్తుందో మీకు తెలియదు. చేయాల్సిన బ్లాంక్, అంటే కార్బన్ డయాక్సైడ్ లేకుండా అదే ప్రయోగం చేసి చూడటం, జరగలేదు. మీరు చేయలేదు, గైడ్ చేయించలేదు, రివ్యూయర్లు అడగలేదు. అది లోపం. మోసం అంటే తెలిసి దాచడం. ఆ లెక్కన మీరు ఇప్పటిదాకా మోసం చేయలేదు. కానీ ఆ జూనియర్ వచ్చి చెప్పిన సాయంత్రం నుంచి మీకు తెలుసు. ఇక మీదట చేసేది ఏదైనా తెలిసి చేసేదే అవుతుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే అనుకుంటున్నాను, అది మంచి లక్షణమే.

ఇప్పుడు కాగితం తీసుకుని నాతో పాటు ఒక లెక్క వేయండి. ఒక్కో ప్రయోగానికి 50 మిల్లీగ్రాముల పొడి వేశారు, ఐదు గంటలు వెలుగులో ఉంచారు. గ్రాముకు గంటకు 12 మైక్రోమోల్స్ చొప్పున మొత్తం వచ్చింది 3 మైక్రోమోల్స్. మెథనాల్ అణుభారం 32, అంటే 96 మైక్రోగ్రాములు. పొడి బరువులో ఇది 0.2 శాతం కూడా లేదు. ఇంత మెథనాల్, సరిగా ఆరని పొడి రంధ్రాల్లో హాయిగా దాక్కోగలదు. మరి మీ పేపర్‌లో ఏం రాసి ఉందో చూడండి: పొడి తయారయ్యాక మెథనాల్‌తో మూడుసార్లు కడిగి, 60 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచాం అని. అదే పొడిని ఐదు సైకిళ్లు, అంటే ఐదుసార్లు వాడాక కూడా యాక్టివిటీ తగ్గలేదని బొమ్మ వేశారు. సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య పొడిని దేనితో కడిగారు? అదే మెథనాల్‌తో. యాక్టివిటీ తగ్గకపోవడానికి, ప్రతిసారీ మీరే మళ్లీ నింపడం కారణం కావచ్చు. ఖాయంగా అదేనని అనను, కానీ ఆ పేజీ చదవగానే నా చూపు ఆగిపోయింది అక్కడే.

నాకూ ఇలాంటిది జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రాగి క్యాటలిస్ట్ మీద కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ కలిపి ప్రెషర్ రియాక్టర్‌లో నడుపుతుంటే ఐసోప్రొపనాల్ పీక్ కనపడింది. ఒక కార్బన్ ఉన్న వాయువు నుంచి మూడు కార్బన్ల ఆల్కహాల్! రెండు వారాలు కాళ్లు నేల మీద ఆనలేదు. తర్వాత తేలింది ఏమిటంటే, రియాక్టర్‌ని అసిటోన్‌తో కడుగుతున్నాం, వాల్వ్ దగ్గరి సందులో నాలుగు చుక్కలు మిగిలిపోతున్నాయి, ఆ అసిటోనే హైడ్రోజన్ పట్టి ఐసోప్రొపనాల్ అవుతోంది. పేపర్ పంపకముందే బయటపడింది కాబట్టి నాకు ఏమీ కాలేదు. మీకూ నాకూ తేడా అదొక్కటే.

అయితే మీరు గమనించనిది ఇంకొకటి ఉంది, ఇది మీకు అనుకూలమైనది. నీళ్లలో సోడియం బైకార్బనేట్ కలిపామని అదే పేజీలో ఉంది. బైకార్బనేట్ కూడా కార్బన్ డయాక్సైడ్‌కి మరో రూపమే. పైనుంచి ఆర్గాన్ పంపినా నీళ్లలో అది ఉంటుంది. కాబట్టి మీరు చేసిన ఆర్గాన్ బ్లాంక్ అసలు బ్లాంకే కాదు. ఆ 9 అంతా చెత్త కావచ్చు, అందులో కొంత బైకార్బనేట్ నుంచి నిజంగా వచ్చిందీ కావచ్చు. అసలు ఏం జరిగిందో తెలియకముందే మీకు మీరు శిక్ష వేసుకోకండి, పేపర్‌నీ ఉరి తీయకండి.

తెలుసుకోవడం ఎలా? పైసా ఖర్చు లేనిది ముందు చేయండి. బైకార్బనేట్ లేని మామూలు డిస్టిల్డ్ వాటర్‌లో 50 మిల్లీగ్రాముల పొడి వేసి, ఫాయిల్ చుట్టి, దీపం వేయకుండా, ఏ వాయువూ పంపకుండా ఐదు గంటలు కలపండి. వడకట్టి ఆ నీళ్లను జీసీలో వేయండి. మెథనాల్ పీక్ వచ్చిందంటే అది చీకట్లో తయారైంది కాదు, పొడిలోంచి ఊడి వచ్చింది. ఒక్క రోజు పని. తర్వాత మెథనాల్ ముట్టుకోకుండా, నీళ్లతోనే కడిగి, గాలిలో బాగా కాల్చిన కొత్త బ్యాచ్‌తో మొత్తం మళ్లీ చేయండి: వెలుగు లేకుండా, పొడి లేకుండా, బైకార్బనేట్ లేని ఆర్గాన్‌లో, చివరికి కార్బన్ డయాక్సైడ్‌లో.

తుది తీర్పు మాత్రం కార్బన్-13దే. అది కార్బన్‌లోనే కాస్త బరువైన రకం, ఇలాంటి రకాలను ఐసోటోప్ అంటారు. మామూలు కార్బన్‌లో అది 1.1 శాతమే ఉంటుంది. కార్బన్-13తో చేసిన కార్బన్ డయాక్సైడ్ చిన్న సిలిండర్లలో దొరుకుతుంది. ఖరీదే, కానీ మీ ప్రయోగానికి కావలసింది కొద్ది మిల్లీలీటర్ల వాయువు. ఎన్‌ఎంఆర్ (అయస్కాంతం సాయంతో అణువు నిర్మాణం చూపే యంత్రం) మీద పనిచేసే పక్క ల్యాబ్‌లనో, హైదరాబాద్‌లోని పెద్ద పరిశోధన సంస్థల్లో తెలిసినవాళ్లనో అడగండి. ఈ ప్రయోగంలో కూడా బైకార్బనేట్ వేయొద్దు, వేస్తే మామూలు కార్బన్ కలిసిపోయి లెక్క చెడుతుంది. హైడ్రోజన్లను చూసే ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో, మెథనాల్‌లో కార్బన్‌కి అంటుకున్న హైడ్రోజన్ల (మిథైల్) గీత 3.34 పీపీఎం దగ్గర ఒంటరిగా నిలబడుతుంది. ఆ మెథనాల్ మీరు పంపిన వాయువు నుంచే పుట్టి ఉంటే ఆ గీత రెండుగా చీలుతుంది, రెండింటి మధ్య దూరం 140 హెర్ట్జ్ పైచిలుకు. కొంత పాతది, కొంత కొత్తది అయితే మధ్యలో ఒకటి, అటూ ఇటూ రెండు. వాటి వైశాల్యాలు కొలిస్తే మీ 12లో మీ సొంతం ఎంతో తెలిసిపోతుంది. అంత తక్కువ మెథనాల్‌కి నీటి సిగ్నల్‌ని అణచమని ఆపరేటర్‌కి ముందే చెప్పండి.

కార్బన్ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మీ ఒక్కరిదే కాదమ్మా. బ్రిటన్‌కు చెందిన ఐసీఐ కంపెనీ 1966లో రాగి, జింక్ ఆక్సైడ్ క్యాటలిస్టుతో తక్కువ ప్రెషర్‌లో మెథనాల్ తయారీ మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి, మెథనాల్‌లోకి చేరే కార్బన్, మోనాక్సైడ్ నుంచి వస్తోందా డయాక్సైడ్ నుంచి వస్తోందా అన్న వాదన మాత్రం 1980ల దాకా నడిచింది. గుర్తు పెట్టిన కార్బన్‌తో చేసిన ప్రయోగాలే అది డయాక్సైడ్ నుంచి అని చూపించాయి.

ఇక రెండో ప్రశ్న, సబ్మిట్ సంగతి. మీ ముందున్న దారులు నేను చూసినంతలో చెబుతాను, నిర్ణయం మీది.

గైడ్ చెప్పినట్టు ఏమీ ఎత్తకుండా సబ్మిట్ చేయొచ్చు. చాలామంది చేస్తారు, డిగ్రీ కూడా వస్తుంది. నాకు కనిపించే ప్రమాదాలు రెండు. వైవాలో ఎక్స్‌టర్నల్‌గా ఈ పని తెలిసిన మనిషి వస్తే మొదట అడిగేది ఐసోటోప్ ప్రయోగం చేశారా అనే. అప్పుడు తడబడితే, ఇప్పుడు మీరే చెప్పినదానికంటే పదిరెట్లు నష్టం. రెండోది మీకు సంబంధించింది కాదు, ఆ జూనియర్‌కి సంబంధించింది. అతని పీహెచ్‌డీ ఇదే పొడి మీద మొదలవుతోంది. 12ని 20 చేయమంటారు. మూడేళ్లు అతను ఓవెన్‌లో ఆరని మెథనాల్‌ని కొలుస్తూ కూర్చోవచ్చు.

నెల, నెలన్నర ఆగి పై పరీక్షలు చేసి, ఏది తేలితే అది మూడో అధ్యాయంలో రాసి సబ్మిట్ చేయడం ఇంకో దారి. నా మొగ్గు దీనికే. 12 కాస్తా 3 అయిందనుకోండి, అధ్యాయం చిన్నదవుతుంది, కానీ అందులో ఏ ఎగ్జామినరూ కదపలేని పని ఉంటుంది. సున్నా అయిందనుకోండి, తప్పుడు మెథనాల్ ఎక్కడెక్కడి నుంచి వస్తుందో విడదీసి చూపిన అధ్యాయం అవుతుంది, దానికీ విలువ ఉంది. మిగతా రెండు అధ్యాయాలు హైడ్రోజన్‌తో ప్రెషర్ రియాక్టర్‌లో చేసినవి, వాటికి ఈ గొడవ లేదు. నష్టం ఏమిటంటే సమయం, డబ్బు. ఆ రెండూ ఇప్పుడు మీ అన్నయ్యగారివి. ఆయనకు "కొంచెం లేటవుతుంది" అనకుండా, తేదీ చెప్పి అడగండి.

పేపర్ సంగతి థీసిస్ నుంచి వేరు చేసి చూడండి. అంకె తగ్గి, అసలు విషయం నిలబడితే జర్నల్‌కి సవరణ రాస్తారు. అసలు విషయమే నిలబడకపోతే పేపర్ వెనక్కి తీసుకోవాలి. నిజాయితీగా జరిగిన పొరపాటుకూ పేపర్ వెనక్కి తీసుకోవచ్చని, అది రాసినవాళ్లను శిక్షించడానికి కాదని జర్నళ్లు పాటించే నియమావళిలోనే ఉంది. 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నల్డ్ 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన తన పేపర్‌ను 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఫలితాలు మళ్లీ రావడం లేదని ఆవిడే అందరికీ చెప్పారు. నోబెల్ వచ్చినావిడకు అయ్యే ఖర్చూ, ఫెలోషిప్ ఆగిపోయిన స్కాలర్‌కు అయ్యే ఖర్చూ ఒకటి కాదని నాకు తెలుసు. మీ సీవీలో ఉన్న పెద్ద పేపర్ అదే. అది పోతే పోస్ట్‌డాక్ అడిగేటప్పుడు వివరణ ఇచ్చుకోవాలి, కొందరు వింటారు, కొందరు వినరు. డిగ్రీ ఆగుతుందేమో అన్న భయం ఉంటే, 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల్లో సబ్మిషన్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు. యూనివర్సిటీలు సొంత రూల్ పెట్టుకోవచ్చు, కాబట్టి మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ ఆర్డినెన్స్ (నిబంధనల పత్రం) ఒకసారి తెచ్చుకుని చదవండి. అకడమిక్ సెక్షన్‌లో నోటిమాటగా చెప్పేది నమ్మకండి.

గైడ్‌తో మాట్లాడటం అన్నింటికంటే కష్టం. ఆయన్ని దుర్మార్గుడిగా చూడొద్దు. ఆయన ప్రాజెక్టు రెన్యువల్ ఆ పేపర్ మీద ఉండి ఉంటుంది, భయం ఆయనకీ ఉంటుంది. "సార్, మన పేపర్ తప్పు" అని వెళ్తే తలుపు మూసుకుంటుంది. చీకటి పరీక్ష ఫలితం చేతిలో పెట్టుకుని "సార్, దీపం లేకుండానే ఇంత వస్తోంది, మనమే ముందు కనిపెట్టాం, వేరేవాళ్లు రాయకముందే మనమే సరిచేద్దాం" అనండి. ఇంప్యూరిటీ అని ఆయనే అన్నారు కదా, ఆ మాటే పట్టుకుని "మీరన్నట్టు ఇంప్యూరిటీ ఏదో చూద్దాం సార్" అని మొదలుపెట్టండి. మీటింగ్ అయ్యాక ఏం అనుకున్నారో రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. ఆయన ససేమిరా అంటే డాక్టోరల్ కమిటీలో మీకు నమ్మకమున్న ఒకరి దగ్గరికి, డేటా తీసుకుని, ఫిర్యాదులా కాకుండా సలహా కోసం వెళ్లండి. పేరు లేకుండా బయట ఎక్కడా రాయకండి. ఆ ల్యాబ్ విషయాలు తెలిసినవాళ్లు నలుగురే, ఎవరు రాశారో గంటలో తెలిసిపోతుంది.

ఉద్యోగం వదులుకోవాల్సిన పని లేదు. కంపెనీ మిమ్మల్ని తీసుకుంటోంది మీ 12 చూసి కాదు. పల్లాడియం కార్బన్, రానీ నికెల్ లాంటి క్యాటలిస్టులు వాడి హైడ్రోజనేషన్ (హైడ్రోజన్ చేర్చడం) నడిపేవాళ్లకు ప్రెషర్ రియాక్టర్ తెలిసిన, జీసీ చదవగలిగిన మనిషి కావాలి, ఆ రెండూ మీకు వచ్చు. చేరే తేదీ రెండు నెలలు జరపమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, అడిగితే పోయేదేం లేదు. కుదరదంటే, ప్రొవిజనల్ తర్వాత ఇస్తానని ఒప్పించి చేరిపోవచ్చు కూడా. కానీ ఒక్క మాట: బెంచ్ మీద చేయాల్సినదంతా చేరకముందే ముగించండి. ఉద్యోగంలో చేరాక థీసిస్ రాయడం కుదురుతుంది, కార్బన్-13 ప్రయోగం కుదరదు. శనివారాలు వచ్చి చేస్తామని వెళ్లి, మూడేళ్లయినా సబ్మిట్ చేయనివాళ్లను నేను చూశాను.

మూడో ప్రశ్న నన్ను బాధపెట్టింది. ఈ రంగమంతా ఇంతేనా అన్నారు. కాదు. మీ నాన్నగారి పొలంలోనే జవాబు ఉంది. ఆయన చల్లే 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 33 కిలోల కార్బన్ డయాక్సైడ్ అమ్మోనియాతో కలిసి బంధించి ఉంటుంది. మీ జిల్లాలోనే ఉన్న రామగుండం ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా. ప్రపంచం మొత్తం మీద ఏటా వాడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 23 కోట్ల టన్నులు, అందులో సగానికి పైగా యూరియాకే పోతుంది. ఇది మీరు పుట్టకముందు నుంచీ ఉన్న రంగం. అయితే ఆ యూరియా మట్టిలో పడ్డాక కొద్ది రోజుల్లోనే కరిగి కార్బన్ డయాక్సైడ్‌ని మళ్లీ వదిలేస్తుంది. వాడుకోవడం వేరు, దాచిపెట్టడం వేరు. ఏటా మనుషులు బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి వదిలేది 3,700 కోట్ల టన్నుల దాకా ఉంది, వాడకం అందులో ఒక శాతం కూడా కాదు.

మెథనాల్ కూడా కాగితం మీది కల కాదు. ఐస్‌లాండ్‌లో 2012లో మొదలైన ఒక ప్లాంట్ సామర్థ్యం తర్వాత ఏడాదికి 4,000 టన్నులకు చేరింది, భూమి వేడితో కరెంటు తీసే చోట పైకి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని అక్కడ మెథనాల్ చేశారు. అదే సాంకేతికతతో చైనాలోని అన్యాంగ్‌లో 2022లో 1,10,000 టన్నుల ప్లాంట్ మొదలైంది. రెండూ హైడ్రోజన్‌తో, వేడితో, ప్రెషర్‌తో నడిచేవి, మీ రెండో, నాలుగో అధ్యాయాల బాటలో ఉన్నవి. అక్కడ ఇబ్బంది క్యాటలిస్ట్ కన్నా హైడ్రోజన్‌ది. టన్ను మెథనాల్‌కి 188 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని కరెంటుతో విడగొట్టి తీస్తే కిలోకు 50 యూనిట్లు వేసుకున్నా 9,400 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకుంటే కరెంటు బిల్లే 47,000. కాబట్టి చవక కరెంటు ఉన్నచోట నిలబడుతుంది, లేనిచోట నిలబడదు. మీ దీపం కింది పద్ధతి వీటికి చాలా వెనక ఉంది. 1979లో జపాన్‌లో ఇనోఉయె, ఫుజిషిమా, హోండా బృందం వెలుగుతో కార్బన్ డయాక్సైడ్‌ని మార్చి చూపిన నాటి నుంచి ఇప్పటికీ మైక్రోమోల్స్‌లోనే మాట్లాడుకుంటున్నాం. అంత తక్కువ కొలిచే చోట ఒక్క బ్లాంక్ తప్పినా ఏళ్లు పోతాయి, అందుకే మీలాంటివాళ్లు అక్కడ కావాలి అంటున్నాను. ఆ పనిలో ఉంటారా, ఫార్మాకి వెళ్తారా అన్నది ఆరు నెలల తర్వాత తీరుబడిగా తేల్చుకోవచ్చు. రెండూ గౌరవంగా బతికే దారులే.

చివరగా, మీరు అడగని విషయం ఒకటి. సిలిండర్ మార్చిన ఆ అబ్బాయి ఇప్పుడు భయంతో ఉంటాడు, అక్క పేపర్ తన వల్లే పోతోందేమో అని. అతనితో కూర్చుని అతని ల్యాబ్ నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ తీయించండి. ఆర్గాన్ అని రాశాడా, లేక తిట్లు పడతాయని వదిలేశాడా చూడండి. వదిలేసి ఉంటే ఏం జరిగిందో అది ఇవాళ్టి తేదీతో అతని చేతే రాయించి, కింద మీరూ సంతకం పెట్టండి. జర్నల్‌కి ఏం పంపినా, అందులో అతని పేరు ఉండాలి.